ఎన్‌క్లెక్స్-పీఎన్: సబ్జెక్ట్ వస్తోంది కానీ కేస్ స్టడీల దగ్గర ఆగిపోతున్నాను. క్లినికల్ జడ్జ్‌మెంట్ ఎలా ప్రాక్టీస్ చేయాలి?

శ్రావణి_హ్యూస్టన్

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఎల్‌వీఎన్ (వేరే రాష్ట్రాల్లో ఎల్‌పీఎన్ అనే ప్రాక్టికల్ నర్స్) ప్రోగ్రామ్ పూర్తి చేశాను. పరీక్ష రాయడానికి అనుమతి (ఏటీటీ) వచ్చింది, వచ్చే నెలాఖరులో లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్-పీఎన్ రాయాలి. విడి ప్రశ్నలు బాగానే చేస్తున్నాను. ఫ్యూరోసెమైడ్‌తో పొటాషియం తగ్గుతుంది, డిగాక్సిన్ ఇచ్చే ముందు పూర్తి నిమిషం ఎపికల్ పల్స్ (గుండె దగ్గర వినే పల్స్) చూడాలి, ఇలాంటివి నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కేస్ స్టడీ తెరిస్తే మాత్రం నర్సెస్ నోట్స్, వైటల్స్, ల్యాబ్స్, ఆర్డర్స్ అన్ని ట్యాబ్‌లు తిరిగేసరికి దేన్ని పట్టుకోవాలో తెలియడం లేదు. అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి. సరైనవన్నీ ఎంచుకోమనే సెలెక్ట్ ఆల్ ప్రశ్నల్లో దాదాపు అన్నిటికీ టిక్ పెట్టేస్తున్నాను. ఇంకా ఎక్కువ ప్రశ్నలు చేయాలా, చేసే పద్ధతి మార్చాలా? పాసైనవాళ్లు, డ్యూటీల్లో ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్. చాలా టెన్షన్‌గా ఉంది.

కిరణ్_ఖమ్మం

శ్రావణి గారు, క్వశ్చన్ బ్యాంక్ ఒకటి తీసుకుని రోజుకు 100 తగ్గకుండా చేయండి. చేయగా చేయగా ప్యాటర్న్ తెలుస్తుంది. ఏబీసీ (ముందు శ్వాసమార్గం, తర్వాత శ్వాస, తర్వాత రక్తప్రసరణ) గుర్తుపెట్టుకోండి, అసెస్‌మెంట్ ఆప్షన్ ఉంటే అదే ముందు, డాక్టర్‌కి ఫోన్ చేయడం ఎప్పుడూ ఆఖరున. ఈ మూడు రూల్స్‌తో సగం పరీక్ష అయిపోతుంది. మా చెల్లి కాలిఫోర్నియాలో ఇలాగే చదువుతోంది, నేను కూడా తనతో కూర్చుని చేస్తున్నాను.

నైట్‌షిఫ్ట్_అక్క

శ్రావణీ, ప్రశ్నల సంఖ్య పెంచే ముందు పరీక్ష ఎలా కట్టారో చూడమ్మా. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇది నెక్స్ట్ జనరేషన్ పద్ధతికి మారింది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, మొత్తం 5 గంటలు. 85 దగ్గర ఆగిపోయినా అందులో మూడు కేస్ స్టడీలు వస్తాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. ఆ ఆరింటికీ ఒక వరస ఉంది. కనిపించినవాటిలో పట్టించుకోవాల్సినవి ఏరడం, వాటిని కలిపి అర్థం చేసుకోవడం, ఏది ముందు ప్రాణం మీదికి తెస్తుందో తేల్చడం, ఏమేం చేయవచ్చో ఆలోచించడం, చేయడం, చేసింది పనిచేసిందో లేదో చూడడం. ఒక్కో ప్రశ్న వీటిలో ఒకదాన్ని పరీక్షిస్తుంది. నువ్వు రాసినదాన్ని బట్టి నీ ఇబ్బంది మొదటిదాని దగ్గరే ఉంది.

అన్నిటికీ టిక్ పెట్టే అలవాటు వెంటనే మానెయ్. సెలెక్ట్ ఆల్‌లో, హైలైట్‌లో సరైనదానికి ఒక మార్కు కలుస్తుంది, తప్పుదానికి ఒక మార్కు పోతుంది. మొత్తం సున్నా కన్నా కిందికి పోదు కానీ, నాలుగు సరైనవి పట్టుకుని మూడు తప్పులు కలిపితే మిగిలేది ఒకటే. ఇన్ని ఎంచుకోండి అని సంఖ్య ఇచ్చిన ప్రశ్నల్లో మైనస్ ఉండదు, అక్కడ ఊహించైనా ఆ సంఖ్య నింపాలి.

నేను నర్సింగ్ హోమ్‌లో ఎల్‌పీఎన్‌ని. రాత్రి రిపోర్ట్ తీసుకున్నాక ప్రతి గదిలోనూ నేను చూసేది ఒకటే: నిన్న ఈ మనిషి ఎలా ఉన్నారు, ఇవాళ ఏం మారింది? కేస్ స్టడీని కూడా ఆ కళ్లతోనే చదువు. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నాయనకు ఆక్సిజన్ శాచురేషన్ 90 రోజూ ఉండేదే కావచ్చు. నిన్నటిదాకా 98 ఉన్నావిడకు అదే 90 వస్తే పరుగెత్తాలి.

మల్లిక_జీఎన్ఎం

గుంటూరులో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఇక్కడికొచ్చాను. ఇంకా ఏ పరీక్ష రాయాలో చూసుకుంటున్నాను. నాకు అర్థం కానిది ఒకటుంది. మన దగ్గర వార్డులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు పేషెంట్‌ని చూడగానే తెలిసిపోతుంది. అలాంటివాళ్లు కూడా ఈ పరీక్షలో ఎందుకు తడబడుతున్నారు?

సుధ_ఆర్ఎన్

మల్లిక గారు, ఆ అనుభవం ఊరికే పోదండి. కానీ చూడగానే తెలిసిపోవడం అంటే మనసు మూడు నాలుగు పనులు ఒకేసారి చేసేసింది అని. పరీక్ష ఆ పనుల్ని విడదీసి ఒక్కొక్కటిగా అడుగుతుంది. అందుకే నేను క్లినికల్ గ్రూపుల్లో ఆప్షన్లు లేకుండా కేస్ ఇచ్చి మాట్లాడిస్తాను. ఆప్షన్లు కనిపిస్తే బుర్ర వాటి వెంటే పోతుంది. ఇక్కడ కూడా ఒకటి చేద్దాం. ప్రాక్టీస్ కోసం నేను కల్పించింది. మీరు ఎల్‌పీఎన్.

78 ఏళ్ల ఆయన. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక రీహాబ్ కోసం స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీకి వచ్చారు, ఇది మూడో రోజు. టైప్ 2 డయాబెటిస్, బీపీ ఉన్నాయి. మందులు షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి మెటోప్రొలాల్, లిసినోప్రిల్, రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సపారిన్, నొప్పి ఉంటే ఆక్సికోడోన్ అనే ఓపియాయిడ్. యూరిన్ క్యాథెటర్ ఉంది.

ఉదయం 8 గంటలకు: టెంపరేచర్ 98.4, పల్స్ 76, శ్వాస 16, బీపీ 138/78, రూమ్ ఎయిర్ మీద శాచురేషన్ 97. పేపర్ చదువుకుంటున్నారు, మనవరాలి గురించి మాట్లాడారు.

మధ్యాహ్నం 2 గంటలకు: లంచ్ ముట్టలేదని, మత్తుగా ఉన్నారని, ఇది తన ఇల్లే అంటున్నారని సీఎన్ఏ (నర్సింగ్ సహాయకురాలు) వచ్చి చెప్పింది. టెంపరేచర్ 97.2, పల్స్ 88, శ్వాస 24, బీపీ 98/54, శాచురేషన్ 94. షుగర్ 132. నొప్పి 10కి 3. ఆక్సికోడోన్ 5 మిల్లీగ్రాములు ఉదయం 6కి ఇచ్చారు, మళ్లీ ఇవ్వలేదు. 10 గంటల నుంచి యూరిన్ బ్యాగ్‌లోకి 70 ఎంఎల్ వచ్చింది, ముదురు రంగు, మబ్బుగా ఉంది. ఆపరేషన్ గాయం పొడిగా, శుభ్రంగా ఉంది. పొట్ట మీద ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ ఇచ్చిన చోట చిన్న కమిలిన మచ్చ. విరేచనమై రెండు రోజులైంది.

ముందు ఒక్కటే చెప్పండి. వెంటనే పట్టించుకోవాల్సినవి ఏవి? ఒక్కోదానికి ఎందుకో ఒక వాక్యం రాయాలి. ఎందుకో రాయలేకపోతే అది తీసేయండి.

శ్రావణి_హ్యూస్టన్

మేడమ్, నేను మొదట రాసుకున్న లిస్టులో మచ్చ, విరేచనం, నొప్పి కూడా ఉన్నాయి. ఎందుకో రాయమన్నారు కదా, మచ్చకు రాయబోతే ఇంజెక్షన్ చోట అది మామూలే అని వచ్చింది. నొప్పి 3 ఆపరేషన్ తర్వాత ఉండేదే. విరేచనం చూడాల్సిందే కానీ ఈ గంటలో కాదు. మిగిలినవి: కొత్తగా వచ్చిన అయోమయం, శ్వాస 24, బీపీ 40 పడిపోవడం, యూరిన్ తగ్గడం, మబ్బుగా ఉండడం. టెంపరేచర్ నార్మలే కదా, వదిలేశాను.

కిరణ్_ఖమ్మం

ఇది ఆక్సికోడోన్ ఎఫెక్ట్ అనుకుంటున్నాను. పెద్దాయన, మత్తు, బీపీ తక్కువ. దానికి విరుగుడు నలోక్సోన్ రెడీ చేసుకోవాలి.

మల్లిక_జీఎన్ఎం

క్యాథెటర్ నుంచి ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్లింది. సెప్సిస్. నేనైతే ముందు లైన్ వేసి సెలైన్ ఎక్కించేస్తాను, తర్వాత డాక్టర్‌కి చెప్తాను.

సుధ_ఆర్ఎన్

ముగ్గురూ ముక్కలు పట్టుకున్నారు, ఇప్పుడు కలుపుదాం.

శ్రావణి, ఎందుకో రాయించగానే లిస్టు దానంతటదే చిన్నదైంది చూశారా. రోజుకు రెండు కేసులైనా ఇలా చేయండి. టెంపరేచర్ విషయంలో ఒక మాట: వయసు పైబడినవాళ్లకు పెద్ద ఇన్ఫెక్షన్‌లోనూ జ్వరం రాకపోవచ్చు, ఒంటి వేడి తగ్గనూవచ్చు. జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదనుకోకూడదు. పల్స్ 88 చూసి కూడా ధైర్యం తెచ్చుకోవద్దు. ఆయన మెటోప్రొలాల్ మీద ఉన్నారు, బీటా బ్లాకర్ గుండె వేగాన్ని పెరగనివ్వదు. మందు లేకపోతే ఇదే పల్స్ 120 ఉండేదేమో. మందుల లిస్టు పక్కన పెట్టుకుని వైటల్స్ చదవాలనేది ఇందుకే. యూరిన్ లెక్క కూడా వేయండి. 4 గంటల్లో 70 అంటే గంటకు 18 కూడా లేదు. గంటకు 30 కన్నా తగ్గితే కిడ్నీలకు రక్తం సరిగా అందడం లేదేమో అని అనుమానించాలి.

కిరణ్, మత్తు ఒక్కటే చూస్తే మీ ఆలోచన సబబే. కానీ ఓపియాయిడ్ ఎక్కువైతే శ్వాస నెమ్మదిస్తుంది, 8కి 10కి దిగుతుంది. ఈయనకు 24. పైగా మందు ఇచ్చి 8 గంటలైంది. హైపోగ్లైసీమియా కూడా ఆలోచించాలి, షుగర్ 132 దాన్ని పక్కకు పెట్టింది. ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడడం అంత తేలిగ్గా పక్కకు పోదు. తుంటి ఆపరేషన్ అయినాయన, శ్వాస పెరిగింది, శాచురేషన్ తగ్గింది. మబ్బు యూరిన్, క్యాథెటర్, పడిపోయిన బీపీ, అయోమయం కలిస్తే సెప్సిస్ వైపే బరువు ఎక్కువ. అయినా రిపోర్ట్‌లో ఆపరేషన్ సంగతి, శాచురేషన్ సంగతి చెప్పి తీరాలి. శ్వాస 22 లేదా అంతకన్నా ఎక్కువ, పై బీపీ 100 లేదా తక్కువ, స్పృహలో మార్పు, ఈ మూడింటిలో కనీసం రెండు కనిపిస్తే పరిస్థితి తీవ్రం కావచ్చని బెడ్‌సైడ్‌లో చూసే లెక్క ఒకటుంది, క్యూసోఫా అంటారు. ఈయనకు మూడూ ఉన్నాయి.

మల్లిక గారు, మీ అంచనా సరైనదే. కానీ ఆర్డర్ లేకుండా సెలైన్ ఎక్కించడం ఎల్‌పీఎన్ పరిధి దాటుతుంది. ఆర్డర్ వచ్చాక ఐవీ విషయంలో ఎల్‌పీఎన్ ఎంతవరకు చేయవచ్చో కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పీఎన్ పరీక్షలో చాలామంది జారేది ఇక్కడే. పూర్తి మొదటి అసెస్‌మెంట్, కేర్ ప్లాన్ ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) బాధ్యత. ఎల్‌పీఎన్ సమాచారం సేకరిస్తుంది, మార్పును పసిగడుతుంది, వెంటనే రిపోర్ట్ చేస్తుంది, ప్లాన్ ప్రకారం పని చేస్తుంది, ఆర్‌ఎన్ నేర్పినదాన్ని పేషెంట్‌కు మళ్లీ గట్టిపరుస్తుంది.

కిరణ్_ఖమ్మం

అంటే ఇక్కడ మొదటి పనే ఫోన్ చేయడమా? డాక్టర్‌కి ఫోన్ అనే ఆప్షన్ ముందు పెట్టకూడదని కోచింగ్ వీడియోలన్నిటిలో చెప్తున్నారు.

నైట్‌షిఫ్ట్_అక్క

తమ్ముడూ, ఆ రూల్ ఎందుకు పుట్టిందో చూడు. పేషెంట్ ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే కూర్చోబెట్టకుండా, పల్స్ చూడకుండా ఫోన్ దగ్గరికి పరిగెత్తకూడదని. అంతవరకు నిజమే. ఈ కేసులో వైటల్స్ చూశారు, షుగర్ చూశారు, యూరిన్ చూశారు. ఇంకా అసెస్ చేస్తూ కూర్చుంటే ఆయన బీపీ 80కి వస్తుంది. నువ్వు చేయగలిగింది చేసేశాక, మిగిలింది నీ పరిధిలో లేనిదైతే, రిపోర్ట్ చేయడమే మొదటి పని. పీఎన్ పరీక్షలో ఆర్‌ఎన్‌కి రిపోర్ట్ చేయడం అన్న ఆప్షన్‌ను రూల్ పేరు చెప్పి కొట్టేయడం చాలా ప్రమాదం.

ఏబీసీ కూడా అంతే. ఇద్దరు పేషెంట్లలో ఎవరిని ముందు చూడాలంటే, పేరులో శ్వాస ఉన్న జబ్బుని ఎంచుకోవడం కాదు. రోజూ ఉండే ఆయాసం ఉన్నాయన కన్నా, థైరాయిడ్ ఆపరేషన్ అయ్యి ఇప్పుడే గొంతు బొంగురుపోయి, ఊపిరి పీల్చేటప్పుడు కూత వస్తున్నావిడ దగ్గరికి ముందు వెళ్లాలి.

ఫోన్‌లో ఎలా చెప్పాలో కూడా ప్రాక్టీస్ చేయండి. సుధ గారి కేస్‌కి నేనైతే ఇలా చెప్తాను: "12వ గది పేషెంట్‌కి మధ్యాహ్నం నుంచి కొత్తగా అయోమయం, బీపీ 138 నుంచి 98కి పడింది. 78 ఏళ్లు, తుంటి ఆపరేషన్ అయ్యి రీహాబ్‌లో మూడో రోజు, క్యాథెటర్ ఉంది, మెటోప్రొలాల్, లిసినోప్రిల్ వాడుతున్నారు. శ్వాస 24, శాచురేషన్ 94, షుగర్ 132, 4 గంటల్లో యూరిన్ 70, మబ్బుగా ఉంది. సెప్సిస్ అని అనుమానంగా ఉంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. తర్వాతి డోసు బీపీ మందులు మీరు చెప్పేదాకా ఆపుతున్నాను." అర నిమిషం కూడా పట్టదు. ఏం చెప్పాలో తెలిసిందంటే ఏ క్యూస్ (సంకేతాలు) ముఖ్యమో తెలిసినట్టే.

శ్రావణి_హ్యూస్టన్

ఇది చాలా ఉపయోగపడుతుంది అక్కా. రిపోర్ట్ రాసి చూస్తే మచ్చ, విరేచనం అందులో పట్టవు కూడా. ఒక డౌట్. రిపోర్ట్ ఇచ్చాక ఆర్‌ఎన్ వచ్చేలోపు ఎల్‌వీఎన్ ఏం చేయాలి? నీళ్లు తాగించవచ్చా? డీహైడ్రేషన్ కూడా ఉంటుంది కదా.

సుధ_ఆర్ఎన్

మత్తుగా ఉన్న మనిషికి నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెట్‌ఫార్మిన్‌తో సహా నోటి మందులన్నీ ఆపి అడగాలి. ఆయన దగ్గరే ఉండి, వైటల్స్ తక్కువ వ్యవధిలో మళ్లీ చూడాలి, పడిపోకుండా జాగ్రత్త తీసుకోవాలి. క్యాథెటర్ ట్యూబ్ మెలికపడిందేమో, బ్యాగ్ బ్లాడర్ కన్నా కిందే ఉందో లేదో చూడాలి, ఎందుకంటే యూరిన్ తగ్గడానికి అది కూడా కారణం కావచ్చు. ఆర్డర్ వస్తే యూరిన్ శాంపిల్ బ్యాగ్‌లోంచి తీయకూడదు. శాంపిల్ పోర్ట్‌కి కాస్త కింద ట్యూబ్ కొన్ని నిమిషాలు క్లాంప్ చేసి, పోర్ట్‌ని యాంటీసెప్టిక్‌తో తుడిచి, స్టెరైల్ సిరంజితో తీయాలి. తర్వాత క్లాంప్ తీయడం మరిచిపోవద్దు. కల్చర్లు (ఏ సూక్ష్మజీవో తేల్చే పరీక్ష శాంపిళ్లు) యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే పోవాలి, కానీ కల్చర్ కోసం యాంటీబయాటిక్‌ని గంటల తరబడి ఆపరు.

మల్లిక_జీఎన్ఎం

సుధ గారు, పరిధి గురించి చెప్పింది అర్థమైంది. ఇంకోటి కూడా చెప్పండి. మాటలకు సంబంధించిన ప్రశ్నల్లో నాకు ఎప్పుడూ తేడా వస్తోంది. ఆపరేషన్‌కి ముందు పేషెంట్ ఏడుస్తుంటే మనం "ఏం కాదమ్మా, మంచి డాక్టర్ గారు, భయపడకు" అంటాం. అది తప్పంటున్నారు.

సుధ_ఆర్ఎన్

మన దగ్గర అది ఆప్యాయత, పేషెంట్ కూడా అలాగే తీసుకుంటారు. ఈ పరీక్షలో మాత్రం అది లేని భరోసా ఇచ్చినట్టు లెక్క, ఎందుకంటే ఏం కాదని మనకు తెలియదు. పైగా ఆవిడ దేనికి భయపడుతోందో వినకుండానే మాట ముగించేశాం. "ఆపరేషన్ గురించి మీకు ఏది ఎక్కువ భయంగా ఉంది?" అని అడిగే ఆప్షన్ చూడండి. ఇది కూడా క్లినికల్ జడ్జ్‌మెంటే. ఆవిడ భయం మత్తుమందు గురించి కావచ్చు, ఇంతకుముందు ఎవరికో రియాక్షన్ వచ్చి ఉండవచ్చు, అడిగితేనే బయటపడుతుంది. కుటుంబంలో మత్తుమందుకు తీవ్రమైన రియాక్షన్ వచ్చిందంటే మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అనుమానం వస్తుంది, వెంటనే పైవాళ్లకు చెప్పాల్సిన విషయం అది.

ఇంకో తేడా. మనవాళ్లు పక్కనున్న కొడుక్కో కోడలికో రిపోర్ట్ చెప్పేస్తారు. ఇక్కడ పేషెంట్ అనుమతి లేకుండా చెప్పకూడదు, సొంత మనుషులైనా సరే.

నైట్‌షిఫ్ట్_అక్క

కిరణ్ ఓపియాయిడ్ మాట ఎత్తాడు కాబట్టి దాని మీదే ఒక బో-టై ప్రశ్న ఇస్తున్నాను. మధ్యలో ఒక జబ్బు పరిస్థితి, ఎడమ పక్క రెండు పనులు, కుడి పక్క గమనించాల్సినవి రెండు. ఐదు గళ్లకు ఐదు మార్కులు, విడివిడిగా.

పిత్తాశయం ఆపరేషన్ అయిన 54 ఏళ్ల ఆవిడ. గంట క్రితం నొప్పికి హైడ్రోమార్ఫోన్ అనే ఓపియాయిడ్ ఇచ్చారు. గట్టిగా పిలిచి భుజం తడితేనే కళ్లు తెరుస్తోంది. శ్వాస 8, శాచురేషన్ 88, కనుపాపలు సూదిమొనల్లా ఉన్నాయి, బీపీ 104/62. ఆర్డర్స్‌లో అవసరమైతే నలోక్సోన్, ఆక్సిజన్ ఉన్నాయి.

కిరణ్_ఖమ్మం

మధ్యలో ఓపియాయిడ్ వల్ల శ్వాస మందగించడం. పనులు: ఆక్సిజన్ పెట్టడం, నలోక్సోన్ ఇప్పించడం. గమనించాల్సినవి: శ్వాస రేటు, స్పృహ స్థాయి. పైన సుధ గారి కేసులో కూడా మత్తే, ఇక్కడా మత్తే, కానీ శ్వాస లెక్క రెండింటినీ వేరు చేసింది. ఒక్క ప్రశ్న: నలోక్సోన్ ఇచ్చాక శ్వాస 14కి వచ్చేస్తే పని అయిపోయినట్టేనా?

నైట్‌షిఫ్ట్_అక్క

ఐదూ కరెక్ట్. పని అయిపోలేదు తమ్ముడూ. నలోక్సోన్ ప్రభావం చాలా ఓపియాయిడ్ల కన్నా ముందే తగ్గిపోతుంది, ఆవిడ మళ్లీ మత్తులోకి జారవచ్చు. అందుకే శ్వాస, స్పృహ చూస్తూనే ఉండాలి, నొప్పి కూడా ఒక్కసారిగా తిరిగి వస్తుంది. ఆరో ప్రశ్నలో అడిగేది సరిగ్గా ఇదే, అంటే చేసిన పని ఫలించిందో లేదో.

శ్రావణి_హ్యూస్టన్

అయితే సుధ మేడమ్ కేసుకి ఆరో ప్రశ్న నేను రాసుకున్నాను, చూడండి. ఆయన్ని ఆసుపత్రికి పంపారు, ఐవీ ద్రవాలు, యాంటీబయాటిక్ మొదలయ్యాయి. రెండు గంటల తర్వాత: బీపీ 108/62, శ్వాస 20, గత గంటలో యూరిన్ 40 ఎంఎల్, టెంపరేచర్ 100.8, పేరు, ఊరు సరిగ్గా చెప్తున్నారు కానీ తారీఖు చెప్పలేకపోతున్నారు, ఊపిరితిత్తుల అడుగున కొత్తగా క్రాకిల్స్ (స్టెతస్కోప్‌లో వినిపించే చిటపట శబ్దాలు). మెరుగైనవి: బీపీ, శ్వాస, యూరిన్. అయోమయం కొంత తగ్గింది. టెంపరేచర్ పెరిగింది కాబట్టి విషమించినట్టు రాశాను. క్రాకిల్స్ దేనికిందికి వస్తాయో అర్థం కాలేదు.

ఇంకోటి, క్వశ్చన్ బ్యాంక్ కొనాలా, ఉచితంగా ఏమైనా ఉన్నాయా?

సుధ_ఆర్ఎన్

చాలా బాగా రాశారు, కేస్ సొంతంగా ముందుకు నడిపారంటే సగం పని అయినట్టే. బీపీకి సగటు కూడా లెక్కించండి: కింది బీపీని రెండుసార్లు, పై బీపీని ఒకసారి కలిపి మూడుతో భాగించాలి. 62, 62, 108 కలిపితే 232, భాగిస్తే 77. సెప్సిస్‌లో 65 కన్నా కింద ఉండకూడదని చూస్తారు, కాబట్టి ఇది బాగుంది. యూరిన్ గంటకు 30 దాటింది. రెండు గంటల్లో జ్వరం తగ్గాలని ఎవరూ ఆశించరు, యాంటీబయాటిక్‌కి ఇంకా టైం కావాలి. టెంపరేచర్ ఒక్కదాన్ని చూసి చికిత్స ఫలించలేదని అనకండి, గమనిస్తూ ఉండండి.

క్రాకిల్స్ మీరు రాసినవాటిలో అన్నిటికన్నా విలువైనవి. 78 ఏళ్ల మనిషికి ద్రవాలు వేగంగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. జబ్బు తగ్గుముఖం పడుతుండగానే చికిత్స వల్ల కొత్త సమస్య మొదలవుతోంది. తల పైకెత్తి పడుకోబెట్టి, శాచురేషన్ చూసి, ఆర్‌ఎన్‌కి వెంటనే చెప్పాలి. ఇది విషమించిన దాని కిందికే వస్తుంది.

ప్రశ్నల సంగతి: పరీక్ష రూపొందించే ఎన్‌సీఎస్‌బీఎన్ వాళ్ల ఎన్‌క్లెక్స్ వెబ్‌సైట్‌లో ఎగ్జామ్ ప్రివ్యూ ఉచితంగా ఉంది. స్క్రీన్ ఎలా ఉంటుందో, ట్యాబ్‌లు, బో-టై ఎలా పనిచేస్తాయో తెలియడానికి ముందు అది చేయండి. సబ్మిట్ చేసిన ప్రశ్నకు వెనక్కి వెళ్లడం కుదరదని కూడా అప్పుడే అలవాటవుతుంది. తర్వాత ఏ బ్యాంక్ కొన్నా, వివరణలు బాగా రాసింది కొనండి. రోజుకు 100 చేసే బదులు 40 చేసి, సరైనవాటి వివరణ కూడా చదవండి. శనివారం ఇక్కడే ఇంకో కేస్ పెడతాను, ఈసారి బాలింత.

మల్లిక_జీఎన్ఎం

శనివారానికి నేనూ ఉంటాను. ఎల్‌పీఎన్ పరిధి దాటకుండా జవాబు రాస్తాను.